చారు చివర

కాస్ట్రియో, నవంబరు

ప్రియమైన కాసిల్డాకు,

ముఖ్యమైనది ముందు: నీ హోటల్ బోర్డు మీద నుంచి మన ఊరి పేరు తీసెయ్యి.

నీ ఉత్తరంలో మూడు పేజీలు మాద్రిద్ వాన, మెట్రో రద్దీ, అద్దె. సంతకం కింద మూలకు ఇరికించి, 'కోసీదోలో చారు ముందు వడ్డిస్తాం' అని ఒక్క ముక్క. మనవాళ్ళు కంచరగాడిదల మీద సరుకు తోలిన రోజుల నుంచీ, ఒకే కుండలో ఉడికే మన కోసీదోలో మాంసం ముందు, తర్వాత శనగలూ క్యాబేజీ, చిట్టచివర చారు. ఏ నిమిషాన లేచి దారి పట్టాలో తెలియని మనుషులు ముందేం తినాలో తెలియక అలా తినలేదు. నా భోజనశాలలో పెరిగినదానివి, నీకు ఇది రాయాల్సి వస్తోంది.

మన పొరుగింటి ఎవారిస్తో ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. "మాద్రిద్‌లో టోపీలు కాళ్ళకు తొడుగుతారేమో, అదీ కనుక్కో" అన్నాడు.

ప్రారంభానికి రమ్మన్నావు. ఆ వరస మారేదాకా నీ గుమ్మం తొక్కను. శనగల బస్తా పంపాను, తూకం సరిచూసుకో.

నీ అమ్మమ్మ,
బెనిల్దె


మాద్రిద్, డిసెంబరు

ప్రియమైన అమ్మమ్మా,

శనగలు అందాయి, తూకం సరిపోయింది. ఇక్కడ చలి ముదిరింది. పై అంతస్తావిడ పిల్లి మా వంటింటికే మకాం మార్చింది.

మొదటి రోజు నీ వరసలోనే వడ్డించాను. ప్లేట్లు వెనక్కి పంపారు. "చలికి చస్తున్నాం, చారేది తల్లీ?" అన్నారు. మాద్రిద్ కోసీదోలో చారే ముందు. వలెన్సియా నుంచి వచ్చిన నా వంటామె అంపారో, "పంతాలు మీ ఊళ్ళో పెట్టుకో, ఇక్కడ అద్దె కట్టాలి" అంది. మా సర్వర్ దక్షిణాది ఎండల్లోని కాదిజ్ మనిషి. అతనికైతే చారంటేనే చల్లగా ఉండాలట. మర్నాటి నుంచి చారే ముందు పోస్తున్నాం.

నువ్వు రాకుండానే తలుపులు తెరిచాం. నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

నీ
కాసిల్డా


కాస్ట్రియో, డిసెంబరు

ప్రియమైన కాసిల్డాకు,

ముఖ్యమైనది ముందు: రాను. కుర్చీ మాట మళ్ళీ అట్టడుగునే రాశావు.

ఆ వలెన్సియా ఆవిడ అన్నం వండే పెనంలో మన చోరిథో సాసేజీ ముక్క ఒక్కటి వెయ్యి. ఏమంటుందో నాకు రాయి.

అమ్మమ్మ


మాద్రిద్, జనవరి

ప్రియమైన అమ్మమ్మా,

వేశాను. గరిటె విసిరేసి, ఏప్రన్ విప్పి వీధిలోకి నడిచింది. వీధి మూలనున్న కాఫీ కొట్టు దాకా వెంటపడి బతిమాలాను. కాఫీ తాగి చల్లబడ్డాక తనే అంది: "సరే, పంతం నాకూ ఉంది. మీ అమ్మమ్మ చెప్పినట్టే పెట్టు. నా అన్నంలో మాత్రం మీ సాసేజీలు తేలకూడదు."

ఇప్పుడు మాంసమే ముందు. సణుగుతూనే తింటున్నారు. మొన్న ఒక లారీ డ్రైవరు మాంసం ముగించాడో లేదో ఫోను మోగింది. "చారు మీరే తాగండి" అంటూ పరుగెత్తాడు.

ఇక నీకు సాకు లేదు. రా.

నీ
కాసిల్డా


కాస్ట్రియో, ఫిబ్రవరి

ప్రియమైన కాసిల్డాకు,

ఇక్కడ మంచు వదలడం లేదు. నల్లకోడి గుడ్లు పెట్టడం మానేసింది. ఎవారిస్తో కొత్త బూట్లు కొన్నాడు, కరుస్తున్నాయని ఊరంతటికీ చూపిస్తున్నాడు. శనగల ధర ఈసారి సిగ్గు లేకుండా పెరిగింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లారీ డ్రైవరు బుద్ధిమంతుడు.

పోయిన ఆదివారం పెద్ద కుండ పొయ్యి మీద నుంచి దించలేకపోయాను. మాంసం అడుగున ఉండిపోయింది. బల్లల దగ్గర జనం ఎదురుచూస్తున్నారు. గరిటెకు అందింది చారే. అదే ముందు పోశాను. ఎవారిస్తో తల వంచుకుని తాగేశాడు. ఒక్క ఎగతాళి మాట అన్నా బాగుండేది.

మర్నాడు వంటింటికి తాళం వేశాను.

నీ వంటింట్లో ఒక స్టూలు వేసే చోటు ఉంటుందా? శనగలు ఏరగలను. ఆవిడ అన్నం జోలికి పోను.

ముఖ్యమైనది చివర రాశాను. గమనించే ఉంటావు.

నీ అమ్మమ్మ


మాద్రిద్

అమ్మమ్మా,

నిన్ను తీసుకెళ్ళడానికి రేపే బయల్దేరుతున్నాను. మిగతాదంతా దారిలో.

కాసిల్డా