నారింజరంగు పిడి

జూన్ 3, మంగళవారం

అరచేతికి నాలుగు కుట్లు. కుడిచెయ్యి. అందుకే ఇవాళ అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి.

తప్పు నాదే, ఎవరిముందూ ఒప్పుకోను. ఎరువు బస్తా కుట్టు విప్పే ఓపిక లేక వంటింటి కత్తితో ఒక్క పోటు పొడిచాను. చేతికి తడి. కత్తి బస్తాలో ఆగింది, చెయ్యి ఆగలేదు. పిడి మీంచి జారి నేరుగా పదును మీదకి పోయింది. పక్కన కుండీలకి మట్టి నింపుతున్నవాళ్ళు అరిచారు, నేను అరవలేదు. తర్వాత నర్సు కుట్లు వేస్తుంటే మాత్రం ఆవిడ ఏడు తరాలనీ తిట్టాను, మనసులోనే.

మా మొక్కల నర్సరీలో ఓనరమ్మ అందరికీ ఇచ్చేది అట్టపెట్టెలు కోసే పసుపుపచ్చ కట్టరు. రోజుకో బ్లేడు పుటుక్కుమంటుంది. మడత కత్తి పోయినేడాది వాడి చూశాను. కీలులో మట్టి చేరి, లాక్ సరిగా పడక, ఓ రోజు పైపు కోస్తుంటే నా వేళ్ళ మీదకే మూసుకుంది. మంచి కత్తి కావాలంటే ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలంది ఓనరమ్మ. తను నడిపేది నర్సరీయేగానీ ఆయుధాల కొట్టు కాదట. అని నవ్వింది కూడా. అరికాలి మంట నెత్తికెక్కింది. కట్టు కట్టిన చేత్తో ఏం దెబ్బలాడతాం, ఊరుకున్నాను.

సరే, కొంటాను. మడవనిది. ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటారట. ఒక్కటే కొనగలను, కాబట్టి నర్సరీలో బస్తాలకీ పైపులకీ, గదిలో బ్రెడ్డుకీ పార్సిళ్ళకీ అదే పనికిరావాలి.

జూన్ 5, గురువారం

డ్రిప్ మాస్టర్ దగ్గర క్లాసు. నర్సరీ అంతా నీటిపైపులు వేసేది ఈయనే. తొమ్మిదేళ్ళుగా ఒకటే కత్తి వాడుతున్నాడు. కత్తి గురించి అడిగితే చాలు, మధ్యాహ్నం తిండి కూడా మర్చిపోతాడు.

మెరుపు చూసి కొనకు, పిడి లోపల ఏముందో చూసి కొను అన్నాడు. బ్లేడు ఉక్కు పిడి చివరిదాకా ఒకే ముక్కగా పోవాలట. సగంలో ఆగిపోతే ఏదో ఒక రోజు పిడి చేతిలో ఉంటుంది, బ్లేడు గాల్లో ఉంటుంది. వేళ్ళు ముందుకి జారకుండా పిడి మొదట్లో చిన్న అడ్డు ఉండాలి. పొడుగు బెత్తెడుకి కాస్త ఎక్కువ చాలు, అంతకు మించితే షోకు. కార్బన్ ఉక్కుకి పదును బాగా నిలుస్తుంది, కానీ పాలు కారే మొక్కలు కోసి తుడవకపోతే నల్ల మరక, తర్వాత తుప్పు. నాలాంటి బద్ధకస్తులకి స్టెయిన్‌లెస్సే మంచిదన్నాడు. ఎవరు బద్ధకస్తులని నాలుగు దులిపాను. నవ్వాడు. తన కత్తి ఒరలోంచి తీసి, మొన తనవైపు పెట్టుకుని, పిడి నావైపు తిప్పి ఎడంచేతికి ఇచ్చాడు.

పదకొండేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఎవరూ నాకు ఏ వస్తువూ అలా అందించలేదు. విసిరేసేవాళ్ళు, లేదంటే అక్కడుంది తీసుకో అనేవాళ్ళు.

జూన్ 8, ఆదివారం, సాయంత్రం 7

పాపని దింపి వచ్చాను. నెలలో రెండు శని ఆదివారాలు నావి. మిగతా రోజులన్నీ పాప నాన్నవి, పాప నానమ్మవి. జూలై 2న కోర్టు పంపిన కౌన్సెలింగ్ సెంటర్లో ఆఖరి మీటింగ్. ఇకమీదట పాప ఎవరి దగ్గర ఉండాలో అక్కడి మేడమ్ రిపోర్టు రాస్తుంది. నాకు ఉద్యోగం ఉంది, గది ఉంది, గదికి రెండు వీధుల అవతల స్కూలుంది. నువ్వు నోరు అదుపులో పెట్టుకుంటే చాలు, పాప నీకే వస్తుందన్నాడు లాయరు.

పాప నా కుట్లు లెక్కపెట్టి, నాలుగేనా అని పెదవి విరిచింది. ఫోన్లో కత్తులు చూపిస్తే తనే ఏరింది. నల్లపిడి వద్దట, మట్టిలో పడితే కనబడదట. నారింజరంగుది కొనమంది. ఎనిమిదేళ్ళ పిల్లకి తట్టింది నాకు తట్టలేదు. లోపల తెగ మురిసిపోయి, పైకి మాత్రం సెలవుల హోంవర్కు చెయ్యమని కసిరాను.

జూన్ 11, బుధవారం, సాయంత్రం 6:40

మూడు దొరికాయి. ఒకదాని పిడి అందంగా ఉంది, లోపల ఉక్కు సగమే. ఒకటి అన్నివిధాలా బాగుంది, ధర చూసి దణ్ణం పెట్టాను. మూడోది నారింజరంగు, స్టెయిన్‌లెస్, ప్లాస్టిక్ ఒర, నాకు అందే ధర. కానీ ఫొటో చూసి ఎలా నమ్మడం? కింద ప్రశ్నలు అడిగే చోటుంది. మూడు అడిగాను.

తడి చేత్తో గట్టిగా పొడిచినప్పుడు చెయ్యి జారి నాకే తెగదు కదా?

మరకలు వెంటనే కడిగితే పూర్తిగా పోతాయా, ఆనవాలు మిగులుతుందా?

నడుస్తుంటే ఒరలో చప్పుడు చేస్తుందా? చప్పుడు చెయ్యనిదే కావాలి. (డ్రిప్ మాస్టర్‌ది రోజంతా లొడలొడమంటూనే ఉంటుంది. నాకు పిచ్చెక్కుతుంది.)

పాత అకౌంటులోంచే అడిగాను, అందులోంచే కొంటాను. అది పాప నాన్న పేరు మీదే ఉంది, పాస్‌వర్డు ఇంకా మార్చలేదు. ఏడాదంతా డెలివరీ ఉచితమనే ఆ మెంబర్‌షిప్‌కి కట్టింది నా జీతం. ఆయన గళ్ళచొక్కాలన్నీ ఉచితంగా ఇంటికొస్తుంటే నేను మాత్రం డెలివరీ చార్జీ కట్టాలా? చచ్చినా కట్టను.

జూన్ 13, శుక్రవారం

ఒకే జవాబు. ఎవరో మహానుభావుడు రాశాడు: నాకు తెలియదండీ, మా తమ్ముడికి గిఫ్ట్ ఇచ్చాను.

జూన్ 17, మంగళవారం

వచ్చింది. పెట్టె విప్పడానికి పళ్ళు వాడాను, కత్తి లోపలుంది మరి.

పిడి గరుగ్గా ఉంది, చేతికి పట్టు దొరుకుతుంది. అడ్డు బాగా ఉంది. ఒరలో కదలదు, చప్పుడు లేదు. పొద్దున్నుంచి పదహారు బస్తాలు, ఒక పైపు, కుండీలో చుట్టలు చుట్టుకుపోయిన వేర్లు, ఆఖర్న ఓనరమ్మ గారి పుట్టినరోజు కేకు. కేకు కోసేముందు వేణ్ణీళ్ళతో కడిగానులే. కడిగావా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. డ్రిప్ మాస్టర్ బ్లేడు గోటి మీద పెట్టి చూసి, ఈ ధరకి ఇంతకన్నా అడగకూడదన్నాడు. నా ఎంపిక ఒకటి బాగుందని ఎవరైనా అని ఎన్నాళ్ళయింది!

జూన్ 22, ఆదివారం

పాపా నేనూ అట్టపెట్టెతో ఇల్లు కట్టాం. కిటికీలు నేను కోశాను, గమ్ము తను పూసింది. కత్తి తనని పట్టుకోనివ్వలేదు, దానికి అలిగి పావుగంట మాట్లాడలేదు. ఇల్లు తనతో తీసుకెళ్ళింది. దేంతో కోశారని నానమ్మ అడుగుతుంది, నా నారింజ కత్తితో అని చెప్తానంది. చెప్పు, నాకేం భయమా అన్నాను.

జూలై 2, బుధవారం, మధ్యాహ్నం 1:15

సెంటర్ బయట బస్ స్టాపులో కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నాను. ఇలాంటి మాటలే కదా కొంప ముంచాయి.

పొద్దున మొక్కల లారీ ఆలస్యంగా వచ్చింది. గదికెళ్ళి బట్టలు మార్చుకునే టైం లేదు. పని చొక్కాతోనే పరిగెత్తాను. మీటింగ్ గదిలో మేడమ్, పాప నాన్న, నేను. పాపా నానమ్మా బయట బల్ల మీద కూర్చున్నారు.

మొదట అంతా మర్యాదగానే నడిచింది. తర్వాత పాప నాన్న ఫైలులోంచి కాగితాలు తీశాడు. నా మూడు ప్రశ్నలూ ప్రింటు తీయించాడు. అకౌంటు ఆయనది కదా, జవాబు వచ్చినప్పుడు ఆయన ఫోన్ మోగిందట. ఇన్నాళ్ళూ కిక్కురుమనకుండా ఊరుకుని ఇవాళ తెచ్చాడు. మేడమ్ వాటిని పైకి చదివింది. తడి చేత్తో గట్టిగా పొడిచినప్పుడు. ఆనవాలు మిగులుతుందా. చప్పుడు చెయ్యనిదే కావాలి. ఏ ఎమోషనూ లేకుండా, కరెంటు బిల్లు చదివినట్టు చదివింది. వింటుంటే ఈ మనిషెవరో అని నాకే ఒళ్ళు జలదరించింది.

బస్తాల గురించి చెప్పాను. అరచెయ్యి చూపించాను. పాలు కారే మొక్కల గురించి చెప్పాను. మేడమ్ తలూపింది. నమ్ముతోందనే అనుకున్నాను. అప్పుడు పాప నాన్న నెమ్మదిగా, తలొంచుకుని, నేను ఇంట్లో ఆయన్ని ఏమనేదాన్నో చెప్పాడు. నరికి పోగులు పెడతానని నేను అన్నానా అని మేడమ్ అడిగింది. అన్నాను మేడమ్, తడి తువ్వాలు మంచం మీద పడేసినందుకు అన్నాను. ఎన్నిసార్లు అన్నారని అడిగింది. పడేసినన్నిసార్లూ అన్నానన్నాను. నవ్వుతుందనుకున్నాను. రాసుకుంది.

తర్వాత ఆ కత్తి ఇప్పుడెక్కడుందని అడిగింది.

ఇక్కడే ఉంది మేడమ్ అన్నాను. అన్నాకే నాకు గుర్తొచ్చింది నిజంగా ఇక్కడే ఉందని. రెండు వారాలుగా నడుముకే ఉంటోంది, ఉందన్న ధ్యాసే ఉండదు. దాచానని అనుకుంటారేమోనని చొక్కా అంచు పైకెత్తి చూపించాను. ఇంత బుద్ధిలేని పని నేను తప్ప ఇంకెవరూ చెయ్యరు.

పాప నాన్న లేచిన తీరుకి కుర్చీ వెనక్కి పడింది. పదకొండేళ్ళలో ఆ మనిషి అంత చురుగ్గా లేవడం నేను చూడలేదు. మేడమ్ గంట కొట్టింది. గార్డు తలుపు బార్లా తెరుచుకుని వచ్చాడు. నేనే ఒరతో సహా తీసి, పిడి అతనివైపు తిప్పి ఇచ్చాను. అతను దాన్ని జేబురుమాలతో పట్టుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. బల్ల మీంచి పాప చూస్తోంది. నానమ్మ దాని కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టింది. పాప ఆ చెయ్యి తోసేసి మరీ చూసింది.

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎక్కలేదు.

అదే రోజు, సాయంత్రం 5

అక్కకి ఫోన్ చేశాను. మొత్తం విని, వాడి మొహం మండా అని పాప నాన్నని కడుపారా తిట్టింది. హాయిగా అనిపించింది. పెట్టేసేముందు గొంతు తగ్గించి, నీ మనసులో నిజంగా అలాంటిదేమీ లేదు కదే అని అడిగింది.

నా సొంత అక్క. ఒకే కంచంలో తిన్నాం.

జూలై 3, గురువారం

పనికి వెళ్ళలేదు. ఏడ్చాను.

జూలై 4, శుక్రవారం

ఓనరమ్మ ఉత్తరం రాసిచ్చింది, కత్తి పనికోసమేనని. సంతకం పెడుతూ, ఆ రోజు ఆయుధాల కొట్టని సరదాకే అన్నాను, మనసులో పెట్టుకోకమ్మా అంది. డ్రిప్ మాస్టర్ కూడా ఇచ్చాడు, రెండు పేజీలు. అందులో ఒకటిన్నర పేజీ ఉక్కు గురించే. రెండూ లాయరు చేతికిచ్చాను. మొదటిది చాలన్నాడు. రెండోది పెడితే ఈ మగమనిషి ఎవరని అటువాళ్ళు అడుగుతారట. పాపం మాస్టర్, ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. బాగా పనికొచ్చిందని అబద్ధమాడాను.

నోరు అదుపులో పెట్టుకోమన్నాను కదా అని లాయరు నన్నే అన్నాడు. ఆ గదిలో నా నోరు అదుపులోనే ఉంది. అడిగినదానికల్లా నిజం చెప్పింది, అంతే.

జూలై 9, బుధవారం

రిపోర్టు వచ్చింది. పాప వాళ్ళ నాన్న దగ్గరే ఉంటుంది. నాకు పదిహేను రోజులకోసారి శనివారం రెండు గంటలు, సెంటర్లోనే, వాళ్ళ మనిషి ఒకావిడ గదిలో కూర్చుని ఉండగా. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తారట. తల్లికి ప్రేమ లేదని చెప్పలేం అని ఒక వాక్యం ఉంది. నాలుగుసార్లు చదివాను ఆ వాక్యం. ప్రేమ ఉందని రాయడానికి ఆవిడకి చెయ్యి రాలేదు.

పాప నాన్నకి నేనంటే భయమా అంటే, లేదని ఒట్టేసి చెప్పేదాన్ని. మొన్నటిదాకా. ఆ కుర్చీ పడ్డ తీరు తలుచుకుంటే ఇప్పుడు ఒట్టెయ్యలేను. నాటకమైతే ఆయన్ని జన్మలో క్షమించను. నిజమైతే ఏం చెయ్యాలో తెలియదు.

జూలై 11, శుక్రవారం

సెంటర్ వాళ్ళు కత్తి ఓనరమ్మకి పంపారు. ఇక నుంచి ఆవిడ సొరుగులో ఉంటుంది. పొద్దున సంతకం పెట్టి తీసుకుని, సాయంత్రం సంతకం పెట్టి ఇచ్చెయ్యాలి. గదిలో ఇప్పుడు వంటింటి కత్తి కూడా లేదు, నేనే పారేశాను. బ్రెడ్డు చేత్తోనే తుంచుతున్నాను.

జూలై 19, శనివారం

మొదటి రెండు గంటలు అయ్యాయి.

పాప లోపలికొచ్చి నా బ్యాగు ఇమ్మంది. ఎవరూ చూడమనలేదట, తనే చూస్తుందట. జిప్పు తీసింది. వెలుతురు చాలక మొహం దగ్గరగా పెట్టి వెతుకుతుంటే, సరిగ్గా కనబడాలని నేనే బ్యాగు వెడల్పుగా తెరిచి పట్టుకున్నాను. లోపలి అర కూడా చూసింది. ఆ తర్వాత వచ్చి ఒళ్ళో కూర్చుంది.