కంఠతా పట్టిన కంటి అట్ట

గ్లాస్గో,
ఆదివారం

ఎస్తేరక్కకు,

మన రక్షకుని పేరట నీ చెల్లెలు మార్త వందనాలు. నువ్వు, బావ, రూతు క్షేమమేనా? బావ నడుము నొప్పి తగ్గిందా? చెరకు మోపులు ఎత్తవద్దని చెప్పు, ఎలాగూ వినడు. ఇక్కడ నా ఒంటికి ఏ రోగమూ లేదు. మనసు సంగతి మాత్రం బాగాలేదు, చెబుతాను.

ఫోన్‌లో కళ్ల మాట ఎత్తగానే పెట్టేస్తున్నావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి రూతు ఫోన్‌కు పంపుతున్నాను. నువ్వే చదువుకోగలిగితే చదువుకో. చదవలేవని నాకు తెలుసు. రూతూ, మీ అమ్మకు నువ్వే చదివి వినిపించు, నా కోపంలో ఒక్క మాట కూడా మింగకు.

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే వాన. మన దగ్గర వాన దంచికొట్టి వెలిసిపోతుంది. ఇక్కడిది ఏడుపుగొట్టు పిల్లలా నసుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. అన్నం వండుకుంటున్నాను, పప్పు వండుకుంటున్నాను, తింటున్నాను, బెంగపెట్టుకోకు. చలికోటు కొన్నాను, దానికీ బెంగపెట్టుకోకు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే చింతకాయ తొక్కు కొంచెం పంపు. ఇక్కడి చర్చిలో ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు, వెనక వరసలో నేను. పాట ఎత్తితే నా గొంతు నాకే వినబడి సిగ్గేస్తుంది. పోట్లాడడానికి కూడా మనిషి లేదక్కా.

ఇక అసలు సంగతి. బీడీలు చేసే ఆడవాళ్ల దగ్గరి చూపు ఎలా ఉంటుందో తేల్చడమే ఇక్కడ నా పీజీ చదువుకు పరిశోధన. ఎండాకాలంలో వచ్చి, మన మందిరంలో బల్ల వేసుకొని స్త్రీల సమాజం అంతటికీ కళ్లు చూశాను కదా. అట్ట మీద మూడు పళ్ల దువ్వెనలాంటి గుర్తులుంటాయి. ఒక్కొక్కటి ఎటు తిరిగి ఉందో చెప్పాలి. అందరూ చిట్టచివరి వరస దాకా, ఆవగింజంత గుర్తులు కూడా, తడుముకోకుండా చెప్పేశారు. నలభై దాటినవాళ్లు అద్దాలు లేకుండా అలా చెబితే అనుమానపడాలి. నేను పొంగిపోయాను. మన వాడ ఆడవాళ్లవి గద్ద కళ్లని గొప్పగా రాసుకొచ్చాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

కొంప మునిగింది చాయ్ దగ్గర. నడుమ అందరం చాయ్ తాగుతుంటే అట్ట మీద ఒలికింది. సంచిలోంచి రెండో అట్ట తీసి, రిజిస్టర్‌లో అట్ట నంబరు కూడా మార్చి రాశాను. దాని మీద గుర్తుల వరస వేరు. నేనేమో జవాబులు సరిచూసే కాగితం మార్చడం మరిచిపోయి, మొదటి అట్టదే ముందు పెట్టుకొని టిక్కులు కొట్టుకుంటూ పోయాను. ఇక్కడ నా పని చూసే మేడం రిజిస్టర్ తిరగేసి ఒక్కటే అడిగింది. చూపించింది రెండో అట్ట అయితే, మొదటి అట్ట జవాబులు అందరూ ఎలా చెప్పారు? పరీక్ష చేయకుండా ఇంట్లో కూర్చొని రాసుకొచ్చావా?

ఆ రోజు ఫోన్ చేస్తే ఏమన్నావు? "నాకేం తెల్వదు. నువ్వే తప్పు రాసుకున్నవేమో, సూస్కో" అన్నావు. ఏడుస్తూ అడిగినా అదే మాట. చివరికి నిజం రూతు చెప్పింది. "చిన్నమ్మా, నువ్వు ముందుగాల్నే అట్ట ఇంట్ల పెట్టినవ్ గదా. అమ్మ నాతోని సదివిచ్చింది. బీడీలు చేస్కుంట అందరు కంఠతా పట్టిండ్రు, గా కంఠత వాక్యం లెక్కనే. ఒక్కలు తప్పు చెప్తె మల్ల మొదటికెళ్లి." కీర్తనలు పొల్లుపోకుండా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకునే సమాజం మనది. ఆ విద్య నా మీదే చూపించారు.

కళ్లద్దాలు పెట్టుకున్నామె బీడీలను కమీషన్‌దారు ఎక్కువ ఏరిపారేస్తాడని, బీడీలు చుట్టే తునికాకు తగ్గించి ఇస్తాడని మీ భయమట. నా కాగితం ఆయన చేతికి పోతుందనుకున్నారట. ఎవరి పేరూ రాయనని నేను వందసార్లు చెప్పాను. మిగతావాళ్లు నమ్మకపోతే సరే. మనల్ని కన్న అవ్వ పోయాక బీడీలు చేసి నన్ను చదివించింది నువ్వు. ఆ చదువుతో నీ ముందుకొచ్చి కూర్చుంటే నాకే అబద్ధం చెప్పావు. రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది.

మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. నమ్మింది, కానీ ఆ పరీక్షలన్నీ కొట్టేసింది. మళ్లీ మొదటి నుంచి చేయాలి. నాతో చేరినవాళ్లు పట్టాలు తీసుకుంటుంటే నేను చప్పట్లు కొట్టాలి. ఏడాది పోతే పోయింది, చచ్చిపోను.

కానీ రూతు నిన్న ఇంకో మాట చెప్పింది. బల్బు చుట్టూ రంగుల సున్నా కనబడుతోందని అంటున్నావట. తల ఒకవైపు పోటు పెడుతోందట. పక్కనున్న బిందె కనబడక తన్నుకున్నావట. ఇది వయసుతో వచ్చే మసక కాదేమో అక్కా. కంట్లో ఒత్తిడి పెరిగినా ఇలాగే ఉంటుంది. అలా పోయిన చూపును ఏ అద్దాలూ, ఏ ఆపరేషనూ తిరిగి తేలేవు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. నేను పక్కనున్న రోజు నువ్వు దాచావు. ఇప్పుడు ఇంత దూరం నుంచి భయపడడం తప్ప ఏమీ చేయలేను. రేపు పొద్దున మొదటి బస్సుకే బావతో ఇందూరు పెద్ద దవాఖానకు పో. కంట్లో ఒత్తిడి చూడమని అడుగు.

పాస్టరయ్యకు, పాస్టరమ్మగారికి, మన సమాజం ఆడవాళ్లందరికీ వందనాలు చెప్పు. వాళ్ల మీదా కోపమే, అయినా చెప్పు. బావకు నమస్కారాలు, రూతుకు ముద్దులు.

ఎప్పటిలా నా చదువు కోసం ప్రార్థన చేయకు. డాక్టరు ముందు కూర్చొని "నాకు కనబడతలేదు" అని చెప్పే ధైర్యం నీకోసం అడుక్కో. నేనూ ఇక్కడ మోకాళ్ల మీద అదే అడుగుతున్నాను.

కోపం తగ్గని నీ చెల్లెలు,
మార్త