బంటు ఎదురుగా చంపదు, సార్

సార్,

మీరు పోయి నేటికి ఏడాది. మన రాయచోటి కేబుల్ ఛానెల్లో మీతో మొదలుపెట్టిన చదరంగం పాఠాలు ఇంకా వస్తున్నాయి. పక్షవాతం వచ్చాక మీ చెయ్యి వణికి పావులు పడిపోతుంటే, జనం నవ్వుతున్నారని చెప్పి మిమ్మల్ని మాన్పించింది నేనే. మీ స్థానంలో ఇప్పుడు ఓనరు బావమరిది చెబుతున్నాడు.

ఈరోజు అతను, బంటు తన ఎదురుగా ఉన్న పావును చంపుతుందని నేర్పాడు. మళ్లీ తీద్దామన్నాను.

"ఎవురు చూస్తాండారప్పా? పోనీలే," అన్నాడు ఓనరు. అదే ప్రసారమైంది.

ఒక్కటే ఫోన్ వచ్చింది. మీ ఇంటి నుంచి, మీ శ్రీమతి. ఆమెకు ఆట వచ్చని నాకు తెలియదు. మీరు టీవీలో చెబుతుంటే చూసి నేర్చుకుందట.

"బంటు ఐమూలగానే కదా చంపేది, మద్దిలేటీ? సారు అట్లనే చెప్పినాడే."

ఓనరు, బావమరిది పక్కనే నిలబడి స్పీకరులో వింటున్నారు. నా ఉద్యోగం వాళ్ల చేతుల్లో ఉంది.

"కొత్త సారు చెప్పిందే సరి అమ్మా," అన్నాను.



"అయితే ఆయన శానామందికి తప్పు నేర్పి పాయెనే. ఒంట్లో బాగలేక పొరపాటు పడినాడని రేపు టీవీలో చెప్పప్పా. ఎవురూ ఆయన్ను తిట్టుకోకుండా."

చెబుతామన్నాను. ఓనరుకు ఆ ఆలోచన బాగా నచ్చింది. రేపటి పాఠానికి ముందు మీ తరఫున క్షమాపణ చెప్పేది బావమరిదే. అతను చదవాల్సిన నాలుగు వాక్యాలూ ఇప్పుడే రాసిచ్చి వచ్చాను.

మద్దిలేటి