నాన్న గడియారం తోమొద్దు

జెనీవా, శుక్రవారం

అమ్మా, నా దగ్గు తగ్గింది, బెంగపడకు. నాన్న గడియారం అమ్మిపెట్టమన్నావుగా, దాన్ని మాత్రం తోమకు! పాతవి కొనేవాళ్ళకు గీతలూ మరకలే ముద్దు.

నిన్న మన లోయ నుంచే మదాం రోషా అనే పెద్దావిడ, పోయిన భర్త బంగారు గడియారాన్ని నేను పనిచేసే గడియారాల కొట్టుకు అమ్మకానికి తెచ్చింది. కొనడానికొచ్చినాయన భూతద్దంలో చూసి తల పట్టుకున్నాడు.

"ఎవరమ్మా దీన్నింత అరగదీసింది? అంచులే లేవు!"

"మాసిన సరుకు అమ్మితే మా లోయ పరువేం కాను? ప్రతి ఆదివారం నేనే తోమేదాన్ని. మా ఆయన చెయ్యి చాపుకుని కూర్చునేవాడు."

కొనేవాడి వెనకే గోడమీద మా కంపెనీ ప్రకటన: 'వందేళ్ళయినా నిన్న చేసినట్టే!' నవ్వాపుకోలేక చచ్చాను.

"ఇది నాకొద్దమ్మా" అన్నాడాయన.

"హమ్మయ్య!" అని ఆవిడ దాన్ని తన చేతికే పెట్టుకుని రైలుకు వెళ్ళిపోయింది.

ఆవులు కొండ దిగాయా? కొత్త చీజ్ వచ్చుంటే ఒక చెక్కపెట్టె పంపు. పొగగొట్టం దులిపించావా? తాతయ్యను అడిగానని చెప్పు.

కాగితంలో చోటయిపోయింది. పైన తోమకని రాసింది కొట్టేశాననుకో, అమ్మా. నాన్న గడియారాన్ని ఎవరూ కొననంతగా తోమెయ్.

నీ లుదివీన్