వారం వారం వస్తుండట

లక్సెట్టిపేట, శనివారం రాత్రి

సానియా మోకాళ్లు ఇయ్యాల అసలే సాగలే. జర చాపబోతే ఏడ్చింది. నడవలేని పిల్లల ఇండ్లకు పోయి చదువు చెప్పుడు నా పని, కాళ్లు సాగదీసుడు నాకేం తెలుసు? ఆ పని ఫిజియోథెరపీ ఆయనది. వానకాలం నుంచి ఆయన రానే రాలే. రికార్డుల మాత్రం వారం వారం వస్తుండని ఉంది, బిల్లు గూడ పాసయితుంది. నేనే భయపడుకుంట జిల్లా ఆఫీసుకు రాసిన. విచారణ చేస్తమన్నరు. నమ్మిన.

ఆ విచారణ ఇయ్యాల అయిపోయిందట. పిల్ల తల్లి షాహీన్ ఆపాకు పొద్దున ఫోన్ చేసి, కసరత్తు చేయించే మనిషి వస్తుండా అని అడిగిండ్రట.

"వారం వారం వస్తుండు సార్ అని చెప్పిన మేడం," అన్నది ఆపా, చాయ్ అందిచ్చుకుంట. "రాలేదంటే, మీరంత ఒక్క ఆఫీసోళ్లే గద, మీ నౌకరికి ఏమన్నయితదేమోనని పరేషానైన. మా పిల్ల కోసం వచ్చేది మీరొక్కరే గద."

విచారణంటే గింతేనా, ఒక్క ఫోనా? ఇంటికొచ్చి గా మోకాళ్లు చూస్తే తెలిసిపోతుండె. ఇగ నేను రాసిందే అబద్ధమని తేలుస్తరు. మల్ల ఫోన్ చేసి నిజం చెప్పమందామంటే, టీచరే నేర్పిచ్చిందంటరు. ఆపాకు ఇదంతా ఎట్ల చెప్పాలె? చెప్తే, బిడ్డకు తనే అన్యాయం చేసిన్నని గుండె పలుగగొట్టుకుంటది.

"మంచిగనే చెప్పిన గద మేడం?" అనడిగింది.

మంచిగనే చెప్పినవ్ ఆపా, అన్న.