భయం పది అని నొక్కింది ఎవరు

ప్రసూతి ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ ఆసుపత్రివారు గర్భిణులకు ఇచ్చుచున్న మొబైల్ యాప్ వలన మా ఇంట నా పరువునకు కలిగిన భంగము గురించి.

నేను రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల ప్రక్కన బల్ల వేసుకుని ఊరందరి అర్జీలు టైపు చేయుదానను. నా కొరకు నేను టైపు చేసుకొనుట ఇదే మొదలు.

1. ఆరు సంవత్సరముల క్రిందట తమ ఆసుపత్రిలోనే నాకు పాప పుట్టినది. పద్దెనిమిది గంటలు నొప్పులు పడితిని. నాటి నుండి మా ఇంట కాన్పు మాట వచ్చినచో చెప్పవలసినది నేను, వినవలసినది తక్కినవారు. మా అత్తగారు సైతం గరిటె ప్రక్కన పెట్టి వినేవారు.

2. మా మరిది భార్య, అనగా నా తోటికోడలు, ఇప్పుడు ఎనిమిదో నెల గర్భిణి. మొదట్లో నేను చెప్పుచుండగా నా కొంగు వదిలేది కాదు. "అక్కా, ఆ రోజు నువ్వు పక్కనుంటే చాలు" అనేది. తమ నర్సు ఆమె ఫోనులో యాప్ వేసిన పిమ్మట రోజుకొక పాఠము చూచుచున్నది. మొన్న నా కథ పదకొండో గంటకు రాగా మధ్యలో ఆపి, "అదేంటక్కా, లేచి కాస్త నడవమని నీకెవరూ చెప్పలేదా?" అని నవ్వినది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నారు పెద్దలు.

ఎవరూ చెప్పలేదండీ. అరవకు అని మాత్రం చెప్పారు.

3. సదరు యాప్ ప్రతి సాయంత్రము "ఈ రోజు మీ భయం ఎంత?" అని ఒకటి నుండి పది వరకు అడుగును. ఆమె మొదట తొమ్మిది నొక్కినది. తరువాత ఆరు. గత వారము రెండు. రెండు! తమ వార్డు ఫినాయిలు వాసన తగిలితే నేను ఈనాటికీ వీధి మారి పోతాను, ఈవిడగారికి రెండట! కళ్లలో నిప్పులు పోసుకున్నాను, ఒప్పుకుంటాను.

4. కావున ఆమె స్నానమునకు పోయిన సమయమున ఫోను తీసి పది నొక్కితిని.

5. మరునాడే తమ నర్సు వచ్చి, "ఇంతగా భయపడుతున్నది ఎవరమ్మా?" అని గుమ్మంలోనే అడిగినది. "నేను కాదే!" అని తోటికోడలు తెల్లబోయినది. ఇద్దరూ నా వంక చూచిరి. పాప బడి నుంచి వచ్చే వేళయిందని చెప్పి బయటికి పోతిని. ఆనాడు బడికి సెలవు.

కాబట్టి సదరు యాప్‌ను తక్షణము నిలుపుదల చేయవలెనని మొదట టైపు చేసి, కొట్టివేసితిని. ఆమె పేరిట పడిన పదిని తీసివేసి ఆమె రెండు ఆమెకు ఇప్పించవలెను. పది నాది.

కోపగించక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మెట్ల ప్రక్కన టైపు చేయునామె

తా.క.: నాకిప్పుడు మూడో నెలండీ. మా ఆయనకు కూడా ఇంకా చెప్పలేదు. ఆ పాఠాలు మొదటి నుంచి నా ఫోనులో వేయించండి. నర్సమ్మను ఇంటికి వద్దు, బల్ల దగ్గరికి పంపండి. మా తోటికోడల్ని అడిగితే నిమిషంలో వేసిపెడుతుంది. నవ్వదు కూడా, పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పుతుంది. అదే నేను తట్టుకోలేను.