రాజేశ్వరిని వదినగా అడిగాను

చెన్నూరు, 1962, శుక్రవారం రాత్రి

రాజేశ్వరిని బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల మీద పనిచేసే రెండో పెళ్లివాడికి ఇస్తారని పొద్దున విన్నాను. నా దగ్గర చదువు నేర్చుకుంటానని ఏళ్లుగా సాయంత్రాలు మా ఇంటికి వస్తోంది. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది. అయినా వస్తూనే ఉంది. ఎందుకని నేనూ అడగలేదు.

బడి విడవగానే అన్ననూ అవ్వనూ ఒప్పించి వాళ్లింటికి పోయి, మా అన్నకు చేసుకుంటామని ఆమె బాపును అడిగాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆమె మా ఇంట్లోనే ఉంటుంది, నా కళ్ల ముందే ఉంటుంది. నేను ఆలోచించింది అంతవరకే.

రాజేశ్వరి నన్ను పెరట్లోకి పిలిచింది. రంగు నూలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నన్ను గా ఇంట్ల ఉంచుకోవాలని ఎవలికున్నది, టీచరమ్మా?"

"అన్న మంచోడు. నిన్ను మంచిగ చూసుకుంటడు."

"నేనడిగింది గది కాదు."

ఆమె తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"నాకెర్కే. నాకు సుత గంతే. గందుకే గీ పెండ్లి నాతోని కాదు. రాత్రి మీ అన్న పక్కన పండుకొని, పొద్దుగాల నీ మొఖం ఎట్ల చూడాలె? భీవండికే పోత. బాపుకు నేనే చెప్త."

ఇన్నేళ్లకు ఆమె నోట ఆ మాట విన్నాను. విన్న రోజే ఆమెను పోగొట్టుకున్నాను.

అవతలి గదిలో అన్న అవ్వతో పెళ్లి మాటలు మాట్లాడుతున్నాడు. పిల్ల ఒప్పుకోలేదని నేనే చెప్పాలి. ఎందుకని అడిగితే...